మన పిల్లలకి రాదని మనమే సంతకం పెడదామా?

పూర్ణా మార్కెట్‌లో తెల్లారకముందే లారీలు దిగుతాయి. బస్తా మోసే కలాసీ, గంప ఎత్తుకునే రెల్లి తల్లి, ఆనక కుళ్లిన ఆకూ కాయా ఊడ్చి ఎత్తే పారిశుధ్య కార్మికుడు. వీళ్ల పిల్లలు పొద్దెక్కాక వెళ్లేది సర్కారు బడికే. ఆ చుట్టుపక్కలున్న అలాంటి ఒక బడి గురించి ఈ నాలుగు మాటలు. బడి పేరు రాయను. రాస్తే తగువు మనుషుల మీదికి పోతుంది. నా తగువు వాళ్లు చేసిన తీర్మానంతోనే.

ఆ బడి తల్లిదండ్రుల కమిటీ ఈమధ్య కూర్చుంది. "మా పిల్లలకి సి.బి.ఎస్.ఇ. వద్దు, రాష్ట్ర బోర్డే చాలు" అని కాగితం రాసి సంతకాలు, వేలిముద్రలు పెట్టింది. కమిటీలో ఉన్నది మనవాళ్లే. చెడు కోరి చేసింది కాదు. అయినా ఆ తీర్మానం తప్పు.

సంగతి తెలియనివాళ్లకి ముందు వెనక చెప్పాలి. బోర్డు అంటే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ. మనకి తెలిసిన పదో తరగతి పరీక్ష రాష్ట్ర బోర్డుది. సి.బి.ఎస్.ఇ. ఢిల్లీ బోర్డు. కేంద్రీయ విద్యాలయాల్లో, నేవీ వాళ్ల బడిలో, ఉక్కునగరం డి.పి.ఎస్.లో ఉన్నది అదే. 2022-23లో అప్పటి ప్రభుత్వం రాష్ట్రంలో 1000 సర్కారు బళ్లకి ఆ బోర్డు అనుబంధం తెచ్చింది. అందులో కస్తూర్బా బళ్లు, మోడల్ స్కూళ్లు, గురుకులాలూ ఉన్నాయి. అంటే ఎక్కువగా మన పిల్లలే. మొదటి జట్టు 2025లో పరీక్ష రాయాల్సింది. 2024లో ప్రభుత్వం మారింది. పిల్లలకి ఒక పరీక్ష పెట్టి చూశారు. చాలామంది తప్పారు. వీళ్లు తట్టుకోలేరని చెప్పి 2024-25 నుంచి మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్లించారు. తెచ్చినప్పుడు మనల్ని అడగలేదు. తీసేసినప్పుడూ అడగలేదు. ఇప్పుడు మనంతట మనమే "మంచి పని చేశారు" అని రాసిస్తున్నాం.

ఆ కమిటీలో గంపలమ్ముకునే ఒక అప్ప నాతో అంది: "నీకేటి బాబూ, సెప్పేస్తావు. నా గుంట తప్పిందంటే మర్నాడే పెళ్లి సంబంధం తెచ్చేస్తారు. పాసైతే సాలు నాకు." ఈ మాటని నేను కొట్టిపారెయ్యను. పదిలో తప్పిన ఆడపిల్ల మళ్లీ బడి మొహం చూడ్డం ఎంత కష్టమో మన పేటల్లో అందరికీ తెలుసు. అందుకే 2024లో పదిలో ఉన్న పిల్లల్ని రాష్ట్ర బోర్డుకి మళ్లించడాన్ని నేను తప్పుపట్టను. సరైన తయారీ ఇవ్వకుండా పిల్లల్ని పరీక్షలోకి తోసెయ్యడం మేలు చెయ్యడం కాదు. బోర్డు మార్చి, దానికి తగ్గట్టు టీచర్లని తయారుచెయ్యకపోవడం మొదటి ప్రభుత్వం చేసిన మోసం.

కానీ తప్పింది ఎవరు? పిల్లలా, ప్రభుత్వమా? నేర్పనివాడు తప్పితే నేర్చుకోవాల్సినవాడికి శిక్షా? మనం పెట్టిన సంతకం చెప్పేది ఇదే: "లోపం మా పిల్లల్లోనే ఉంది." ఈ మాట మనకి కొత్తది కాదు. వేల ఏళ్లుగా మనువాదులు మన గురించి చెప్పిందే. అప్పుడు వాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు మన వేలిముద్రతో చెప్పిస్తున్నారు.

ఇంకో సంగతి చూడండి. రాష్ట్ర బోర్డు పదో తరగతి లెక్కలు, సైన్సు పుస్తకాలు కూడా ఇప్పుడు ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలే. సి.బి.ఎస్.ఇ. పిల్లలు చదివేదీ అవే. పుస్తకం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? ప్రశ్నలో ఉంది. సి.బి.ఎస్.ఇ. పరీక్షలో సగం ప్రశ్నలు బట్టీకి లొంగవు. నేర్చుకున్నది వాడి చూపించమంటాయి. అది మన పిల్లలకి రాదట! నాలుగు వందలకి ఇరవై కిలోల గంప కొన్నాం, నాలుగు కిలోలు కుళ్లిపోయింది, నష్టం రాకుండా కిలో ఎంతకి అమ్మాలి? మార్కెట్‌లో అమ్మ పక్కన కూర్చున్న పదేళ్ల గుంట కాగితం లేకుండా ఇరవై అయిదు అని చెబుతుంది. ఆ తెలివిని పుస్తకంతో కలిపి చూపించే టీచరు కావాలి. అది లేకపోతే టీచర్ని అడగాలి గానీ, పిల్లకి తెలివి లేదని రాసివ్వకూడదు.

ఆ ప్రశ్నల నుంచి ఎన్నాళ్లు తప్పించుకుంటాం? ఇంటర్ అయ్యాక నీట్‌లో, జె.ఇ.ఇ.లో ఎదురయ్యేవి అలాంటివే. ఆఫీసర్ల పిల్లలు ఆరో తరగతి నుంచి వాటికి అలవాటు పడి వస్తారు. మనవాళ్లు పద్దెనిమిదో ఏట మొదటిసారి చూస్తారు. అప్పుడు తప్పితే "రిజర్వేషన్ వాళ్లకి మెరిట్ లేదు" అంటారు. 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చి రెల్లి, ఉపకులాలకి 1 శాతం వేరుగా దక్కింది. ఎన్నో ఏళ్ల పోరాటం అది. ఆ ఒక్క శాతం సీటు దాకా పిల్ల నడవాలంటే బాట పడేది బడిలోనే.

కొందరు అంటారు, "రాష్ట్ర బోర్డు చదివి కలెక్టర్లైనవాళ్లు లేరా?" ఉన్నారు. రాష్ట్ర బోర్డు అంటరానిదని నేననడం లేదు. మరి అది అంత సరిపోయేదైతే ఊళ్లో ఉన్నోళ్లంతా తమ పిల్లల్ని అందులోనే ఎందుకు వెయ్యరు? ఇంగ్లీషు మీడియం సంగతీ ఇలాగే నడిచింది. 2019 నవంబరులో సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం జీవో రాగానే తెలుగు చచ్చిపోతోందని ఏడ్చినవాళ్లలో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించారు? 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేశాక తల్లిదండ్రుల్నే అడిగితే, నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. అప్పుడు అంత గట్టిగా అడిగిన మనం ఇప్పుడెందుకు వెనక్కి తగ్గుతున్నాం?

బాబాసాహెబ్‌ని తలుచుకోండి. బడిలో గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. సంస్కృతం నేర్చుకుంటానంటే నేర్పలేదు, పారశీకం తీసుకున్నాడు. 1907లో మెట్రిక్ పాసైతే వచ్చిన మార్కులు 750కి 282. ఆ మార్కులు చూసి "ఈ కుర్రాడికి ఇంతకంటే పెద్ద చదువు తట్టుకునే శక్తి లేదు" అని ఎవడో తీర్మానం రాసుంటే? తండ్రి రాంజీ సంతకం పెట్టుంటే? ఆరేళ్లు తిరిగేసరికి 1913లో ఆయన కొలంబియా యూనివర్సిటీలో ఉన్నాడు. మార్కు ఆ రోజు సంగతి చెబుతుంది గానీ మనిషి ఎంతదాకా పోగలడో చెప్పదు.

మరి ఏం చెయ్యాలి? ఆ తీర్మానాన్ని చింపెయ్యమనడం లేదు, తిరగరాయమంటున్నాను. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, మన కులాలకి జనాభా కొద్దీ చోటుండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. హెడ్మాస్టరు చూపించిన చోట వేలిముద్ర వెయ్యడానికి పెట్టిన కమిటీ కాదది.

కాబట్టి ఆ ప్రణాళికలో ఇలా రాయండి. లెక్కలకి, సైన్సుకి, ఇంగ్లీషుకి టీచరు ఖాళీ ఒక్కటి కూడా ఉండకూడదు. టీచర్లకి కొత్త పరీక్ష పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లల్ని ఇప్పట్నించే తయారుచెయ్యాలి. వాళ్లు పదికి వచ్చేనాటికి సి.బి.ఎస్.ఇ. రాసే హక్కు మా బడికి ఉండాలి. రాయాలో వద్దో అప్పుడు మేం చెబుతాం. అంతవరకూ "మా పిల్లలకి రాదు" అన్న మాట మా కాగితంలో ఉండదు.

ఊళ్లలో ఉన్న కార్యకర్తలు కూడా తమ బడి కమిటీ మినిట్సు బుక్ అడిగి చూడండి. మన పేరు మీద ఏం రాశారో చదివించుకోండి. చదవడం రాని తల్లికి చదివి వినిపించండి.

ఆ అప్పకి నేను చెప్పేది ఒక్కటే. నీ గుంట పాసవ్వాలి. అది నీ హక్కు. కానీ అంతే చాలని అనకమ్మా. మార్కెట్‌లో ఎవడో వచ్చి నీ గంప చూసి "పుచ్చు సరుకు" అంటే ఊరుకుంటావా? నీ పిల్ల దగ్గర మాత్రం ఎందుకు ఊరుకున్నావు?

జై భీమ్!