బెర్తు ఒకటే, వెల వేరా?

సరుకు తయారీకి అయిన ఖర్చును బట్టి కాక, కొనేవాని దృష్టిలో దాని విలువ ఎంత, అతడు ఎంతవరకు చెల్లించగలడు అన్నదానిని బట్టి ధర నిర్ణయించడం వ్యాపారులకు కొత్త కాదు. పట్టుచీరలకో, అత్తరులకో ఈ సూత్రం వర్తిస్తే మాకు పేచీ లేదు. ఇష్టముంటే కొంటాము, లేకుంటే మానుతాము. కాని ఢిల్లీలోని రైల్ భవన్ ఇదే సూత్రాన్ని ప్రజాసేవలో ప్రవేశపెట్టినప్పుడు మేము మౌనం వహించలేము.

2014లో ప్రీమియం తత్కాల్ వచ్చింది. 2016 సెప్టెంబరు 9 నుండి రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో ఫ్లెక్సీ ఛార్జీలు అమలయ్యాయి. ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడైన కొద్దీ మూల ఛార్జీ 10 శాతం చొప్పున పెరుగుతూ, పలు తరగతులలో ఒకటిన్నర రెట్ల దాకా పోయింది. ఫస్ట్ ఏసీని, ఎగ్జిక్యూటివ్ తరగతిని మాత్రం ఈ పెంపు తాకలేదు! 2018లో గరిష్ఠ పెంపును 40 శాతానికి తగ్గించి, రద్దీ లేని కొన్ని రైళ్లను మినహాయించారు. పద్ధతి మాత్రం పోలేదు.

సికింద్రాబాద్ నుండి హజ్రత్ నిజాముద్దీన్‌కు పోయే రాజధానిలో ఇద్దరు పక్కపక్క బెర్తులలో ప్రయాణిస్తారు. బోగీ ఒకటే, ఇంజను ఒకటే, నడిపే డ్రైవరు ఒక్కడే. పెళ్లికని ముందే టికెట్టు కొన్నవానికి తక్కువ. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని విని చివరలో కొన్నవానికి ఎక్కువ. ఇక్కడ పెరిగింది రైల్వే ఖర్చు కాదు, ప్రయాణీకుని అవసరం. దీనిని ‘విలువ’ అనడం మాటల గారడీ. ఇది అవసరంపై విధించిన పన్ను. ఆ ఛార్జీతో ఏ ప్రమేయమూ లేని బుకింగ్ క్లర్కూ, టీటీఈయే ప్రయాణీకుని ఆగ్రహానికి గురి కావలసివస్తోంది.

తపాలా సోదరులకు మరొక సంప్రదాయం తెలుసు. 1854లో దూరంతో నిమిత్తం లేని ఏకరీతి ఉత్తరం రేటు, 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చాయి. చావు కబురైనా, శుభవార్త అయినా కార్డు వెల ఒకటే. 1986లో వచ్చిన స్పీడ్ పోస్టులో వేగానికి వెల ఉన్నది నిజమే. కాని అది అదనపు సేవకు ముందుగా ప్రకటించిన వెల. పంపేవాని ఆతురతను చూసి పెంచే వెల కాదు.

రైల్వేలకు ఆదాయం అవసరమే. ప్రయాణీకుల ఛార్జీలు ఖర్చుకు చాలడం లేదన్న మాటనూ మేము తోసిపుచ్చడం లేదు. అయితే ఆ లోటును బహిరంగంగా చర్చించి, అందరికీ ఒకే రీతిగా ప్రకటించిన ఛార్జీల ద్వారా, ప్రభుత్వ నిధుల ద్వారా పూరించాలి. ఆపదలో ఉన్నవాని జేబు నుండి కాదు. ఫ్లెక్సీ ఛార్జీలను రద్దు చేయాలని, ఒకే బెర్తుకు ఒకే వెల ఉండాలని మేము కోరుతున్నాము.