ఉద్దానంలో షుగర్‌కి లెక్క లేదా?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఉద్దానం ప్రాంతంలోని ఈ మండలాల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: షుగర్ కూర్చుని తినేవాళ్ల జబ్బు, మమ్మల్ని తినేస్తున్నది కిడ్నీ రోగం, అదీ నీళ్లవల్లే. నాయకులూ ఇదే అంటారు. ఈ మాటలో నిజం కొంతే. మిగతాది ప్రమాదకరమైన అబద్ధం.

నిజమున్నంత మేరకు ఒప్పుకుందాం. 2019, 2020లలో వెలువడిన పరిశోధనలు ఇక్కడి పెద్దవాళ్లలో ఐదారుగురికి ఒకరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పాయి. వాళ్లలో ఎక్కువమందికి షుగర్ లేదు, బీపీ లేదు. నికరాగువా చెరకు కూలీల్లో, శ్రీలంక వరి రైతుల్లో కనిపించిన రోగం లాంటిదే ఇదీ. కారణం ఇంకా తేలలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు.

అయితే ‘ఎక్కువమందికి షుగర్ లేదు’ అని డాక్టర్లంటే, ‘ఇక్కడ షుగర్ ఏమీ చెయ్యదు’ అని ఊళ్లు అర్థం చేసుకున్నాయి. మరి ఆ తక్కువమంది సంగతి? 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. అది పలాస పొలిమేరలో ఆగిపోతుందా?

ఉద్దానం రోగంలో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పెద్దగా పోదు, రక్తంలో క్రియాటినిన్ పెరిగాకే గుట్టు బయటపడుతుంది. అందుకే ఇక్కడ పిల్లలకి కూడా క్రియాటినిన్ పేరు తెలుసు. ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది?’ అని అడుగుతారు, ఒకటి లోపుంటే ఊపిరి పీల్చుకుంటారు. షుగర్ రోగి అలా ఊపిరి పీల్చుకోకూడదు. అతనికి చాలాసార్లు క్రియాటినిన్ మామూలుగా ఉండగానే ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. అప్పుడే పట్టుకుంటే మందులతో ఏళ్లకేళ్లు నెట్టుకురావచ్చు. చవకైన మూత్ర పరీక్షతో తెలిసేదాన్ని అడిగేవాళ్లు లేక వదిలేస్తున్నాం.

దీనికి తోడు ఒళ్లునొప్పులు. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు, కొబ్బరిచెట్లెక్కే మగవాళ్లు సాయంత్రానికి నొప్పి బిళ్లో, సూదో వేయించుకుంటారు. షుగర్‌తో నలుగుతున్న కిడ్నీకి అది రెండో దెబ్బ. కిడ్నీ బాగా చెడ్డాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, షుగర్ తగ్గుతుంది. ‘షుగర్ పోయింది’ అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. షుగర్ మందులు పాత మోతాదులోనే వాడితే రాత్రికి రాత్రి స్పృహ తప్పొచ్చు.

డయాలసిస్ దాకా వెళ్లాక రోగం ఏదైతేనేం? వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు, తోడెళ్లిన మనిషి కూలీ పోవడం, ఆ ఇంటి పిల్లకి సంబంధాలు రాకపోవడం అందరికీ ఒకటే. సంబంధాలు తప్పిపోతాయనే భయంతో పరీక్షకే వెళ్లని ఇళ్లున్నాయి. ‘రోగం ఈ మట్టిలోనే ఉంది, ఎవరేం చేస్తారు’ అన్న నిస్పృహ ఆ భయానికి ఊతమిస్తోంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి 700 కోట్ల మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. ఎన్నో ఏళ్లు పోరాడితే వచ్చినవి, రావలసినవే. కానీ ఆ పథకం తెచ్చే వంశధార నీళ్లు షుగర్‌ని దించవు. ఊరి ఆరోగ్య కేంద్రంలో క్రియాటినిన్ కోసం రక్తం తీసే రోజునే షుగర్ చూడాలి, షుగర్ ఉన్నవాళ్లకి మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, మూడు అంకెలూ ఒకే పుస్తకంలో రాసి ఇంటికివ్వాలి. ఆ ఏర్పాటు అడగని నాయకుణ్ణి ఉద్దానం ఇక నిలదీయాలి.