గూడు ఖాళీ అయ్యాకే కొమ్మ కొట్టండి

బడులు తెరిచే ముందు ఆవరణలో కొమ్మలు కొట్టించడం మామూలే. ఒడుగత్తూరు ప్రాంతంలోని తెలుగు బడులకు, తల్లిదండ్రులకు ఒక మనవి: ముందు గూళ్లు చూడండి.

ఆంధ్రలోని వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఏటా ఇళ్ల మధ్య చెట్లపైనే పిల్లల్ని చేస్తాయి. వాకిళ్లలో రెట్టలు, వాసన తప్పవు. అయినా ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. మన వేడందాంగల్‌లో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరే పొలాలకు ఎరువు.

రక్షణ ఉన్న పక్షుల గూళ్లు, గుడ్లు చెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. రెట్టలు పడేచోట భోజనాల వరుస పక్కకు మార్చండి. కొమ్మ విరిగిపడేలా ఉంటే అటవీశాఖవారిని అడగండి. లేదంటే పిల్లలు ఎగిరేదాకా ఆగండి. ఆ కొన్ని వారాలు చూసింది మన పిల్లలు తెలుగులో రాస్తే, అంతకన్నా మంచి పాఠం ఏముంది?