చలిగాలి సోకితే చెంపలో మెరుపు.. పంటినొప్పిగా పొరబడితే పళ్లకే ముప్పు

చింతపల్లి: శీతాకాలం వచ్చిందంటే లంబసింగికి పర్యాటకులు బారులు తీరుతారు. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామంలోనూ, పొరుగునున్న చింతపల్లిలోనూ డిసెంబరు, జనవరి మాసాల్లో ఉష్ణోగ్రతలు 10 డిగ్రీల దిగువకు పడిపోవడం ఏటా జరిగేదే. ఆరుబయట ఉన్నవారు చలికి కొయ్యలా బిగుసుకుపోతారన్న అర్థంలో లంబసింగిని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. చూడవచ్చిన వారికి ఈ చలి వినోదం. ముఖంలో నాడి నొప్పితో బాధపడేవారికి మాత్రం అదే చలిగాలి ప్రాణసంకటంగా మారుతోంది.

చింతపల్లి మండలంలోని ఓ గ్రామానికి చెందిన యాభై అయిదేళ్ల మహిళ పరిస్థితే ఇందుకు నిదర్శనం. కాఫీ పండ్లు కోసేందుకు వేకువనే తోటకు వెళ్లే ఆమెకు మూడేళ్ల కిందట కుడి చెంపలో కరెంటు షాకు కొట్టినట్లు నొప్పి మొదలైంది. పంటినొప్పిగా భావించి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఒకదాని తర్వాత ఒకటిగా మూడు దంతాలు తీయించుకున్నారు. నొప్పి తగ్గలేదు. అన్నం నమిలినా, మాట్లాడినా, ముఖం కడిగినా అదే బాధ. గంజి తాగుతూ రోజులు నెట్టుకొచ్చారు. పనికి వెళ్లలేక కూలి పోయింది. వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నంలో నాడీ వైద్యుడిని కలిసేదాకా తన జబ్బు పేరేమిటో ఆమెకు తెలియదు.

చలి కారణం కాదు.. ప్రేరకం

వైద్య పరిభాషలో దీనిని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. ముఖానికి స్పర్శజ్ఞానం అందించే త్రిధార నాడి మూడు శాఖలుగా చీలి నుదురు, పైదవడ, కింది దవడలకు విస్తరిస్తుంది. మెదడు కాండం సమీపంలో ఈ నాడి మొదలును రక్తనాళం ఒత్తడం వల్ల దాని పైపొర దెబ్బతినడం ఎక్కువ మందిలో కనిపించే కారణం. తొడుగు ఊడిన కరెంటు తీగ తాకితే మిరుగులు లేచినట్లే, అటువంటి నాడికి స్వల్ప స్పర్శ సైతం తీవ్రమైన నొప్పిగా పరిణమిస్తుంది. చెంపకు తగిలే చలిగాలి కూడా అటువంటి స్పర్శే. నొప్పి కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల వరకు ఉండి, పదేపదే వస్తుంది. యాభై ఏళ్లు దాటినవారిలో, అందునా మహిళల్లో ఇది అధికం.

మందు ఉన్నా తప్పని తిప్పలు

సాధారణ నొప్పి మాత్రలు ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవు. తొలుత వాడే మందు కార్బమాజెపైన్. ఇది జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నదే. మూర్ఛకూ ఇదే మాత్ర ఇస్తారు కనుక, తమకు మూర్ఛ లేదంటూ కొందరు మధ్యలోనే మానేస్తారు. ఇది ప్రమాదకరం. మగత, తల తిరగడం, రక్తంలో సోడియం తగ్గడం వంటి దుష్ఫలితాలు ఉండవచ్చు కాబట్టి వైద్యుడి పర్యవేక్షణలో, రక్తపరీక్షలతోనే వాడాలి. ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి. మందులకు లొంగనప్పుడు శస్త్రచికిత్స మార్గం ఉంది.

ఈ జాగ్రత్తలు మేలు

బయటకు వెళ్లేటప్పుడు చెవులు, చెంపలు కప్పేలా మెత్తని మఫ్లరు చుట్టుకోవాలి. బస్సులో కిటికీ పక్కన, ద్విచక్ర వాహనంపై ఎదురుగాలికి ముఖం పెట్టి ప్రయాణించరాదు. గోరువెచ్చని నీటితోనే ముఖం కడగాలి, నోరు పుక్కిలించాలి. మెత్తని ఆహారాన్ని గోరువెచ్చగా, నొప్పి లేని వైపు నమలాలి. ముఖం మొద్దుబారినా, రెండు వైపులా నొప్పి వచ్చినా, చిన్న వయసులోనే మొదలైనా స్కానింగ్ తప్పనిసరి. మూతి వంకరపోవడం వేరే జబ్బు. అది పక్షవాతమూ కావచ్చు కనుక క్షణం ఆలస్యం చేయరాదు.

గుర్తింపే కీలకం

నిర్ధారణ ప్రధానంగా రోగి చెప్పే లక్షణాలపైనే ఆధారపడుతుంది. గాలి తగిలితే నొప్పి వస్తోందా, ముఖం కడిగితే వస్తోందా, ఎంతసేపు ఉంటోంది అన్న ప్రశ్నలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు చలికాలానికి ముందే దీనిపై అవగాహన కల్పిస్తే చాలామందికి ఊరట లభిస్తుంది. ఈ-సంజీవని ద్వారా దూరం నుంచే వైద్యుల సలహా తీసుకునే వీలుంది. పంటిలో లోపం స్పష్టంగా కనబడనప్పుడు పన్ను తీసే ముందు నాడి నొప్పిని అనుమానించడం అవసరం.

మాత్రలు మొదలుపెట్టాక ఆ మహిళ ముఖానికి శాలువా చుట్టుకుని తిరిగి తోటకు వెళుతున్నారు. పోయిన మూడు దంతాలు మాత్రం తిరిగి రావు. మరొకరికి ఆ దుస్థితి రాకుండా వైద్యారోగ్య శాఖ అధికారులు దృష్టి సారించాల్సి ఉంది.