కేన్సర్ పద్దులో కాకిలెక్కలు వద్దు

ఏటా ఎందరికి కొత్తగా కేన్సర్ వస్తున్నదో తెలిస్తేనే ఒక జిల్లాకు రేడియేషన్ యంత్రం అవసరమా, పరీక్షా శిబిరాలు ఎక్కడ పెట్టాలి, డాక్టర్లు ఎందరు కావాలి అన్నది తేలుతుంది. ఆ లెక్క రాసే పద్దే కేన్సర్ రిజిస్ట్రీ. అందులో అంకె చిన్నదిగా ఉన్నంత మాత్రాన జబ్బు తక్కువని సంబరపడరాదు. పద్దుకెక్కని వారెందరో ముందు విచారించాలి.

దేశంలో మొదటి రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో ఏర్పడింది. 1981లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ స్థాయిలో ఈ పని చేపట్టింది. 2020 నాటి నివేదికకు 28 రిజిస్ట్రీల లెక్కలే ఆధారం. అవి దేశ జనాభాలో సుమారు పదోవంతుకు సంబంధించినవి. వాటిలో తెలుగునాట హైదరాబాదు జిల్లా ఒక్కటే ఉన్నది. ఆ సంవత్సరం దేశంలో 13.9 లక్షల కొత్త కేసులన్న అంచనా ఈ పదోవంతును చూసి కట్టిందే. ఇక్కడ దొర్లిన తప్పు దేశమంతటికీ పాకుతుంది.

తప్పు ఆస్పత్రి చీటీ దగ్గరే మొదలవుతుంది. పల్లె నుంచి వచ్చిన రోగి పట్నంలో చుట్టాల ఇంటి చిరునామా రాయిస్తాడు. కనీసం ఏడాదిగా నివాసమున్న చోటే లెక్కలోకి రావాలన్నది నియమం. ఆరా తీయకపోతే పల్లె జబ్బు పట్నం పద్దులో పడుతుంది. ఒకే మనిషి ఒక ఆస్పత్రిలో వెంకటలక్ష్మి, మరో ఆస్పత్రిలో లక్ష్మమ్మ అయితే ఇద్దరు రోగులవుతారు. రొమ్ములో పుట్టి కాలేయానికి పాకిన జబ్బును కాలేయ కేన్సర్ అని రాసేస్తే రెండు లెక్కలూ చెడతాయి.

పద్దు మంచిచెడులు తేల్చడానికి కొలతలు లేకపోలేదు. ముక్క పరీక్షతో నిర్ధారణ అయిన కేసులు నూటికి ఎన్ని? మరణ పత్రం చూసి మాత్రమే తెలిసినవి ఎన్ని? కొత్త కేసులకూ మరణాలకూ పొంతన ఉన్నదా? నూటికి నూరూ ముక్క పరీక్ష కేసులే ఉంటే మెచ్చుకోవలసిన పని లేదు. ఆ పరీక్ష దాకా రాలేని వృద్ధులు, పేదలు పద్దులో లేరేమోనని అనుమానించాలి.

మరణ పత్రాల సంగతి మరీ అధ్వాన్నం. 2020లో దేశంలో నమోదైన మరణాలలో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో కన్నుమూసిన వారి విషయంలో అసలు కారణం రాసేవారే తక్కువ. రాసినా 'గుండె ఆగి' అన్న మాటతో సరిపెడతారు. ఎవరి గుండె ఆగకుండా ప్రాణం పోతుంది? మరణ పత్రమే నోరు విప్పనప్పుడు దానితో పద్దును సరిచూడడం కుదరదు.

పల్లెల్లో ఈ పని సాధ్యం కాదనడం సాకు మాత్రమే. మహారాష్ట్రలోని బార్శిలో 1987లోనే గ్రామీణ రిజిస్ట్రీ మొదలైంది. సిబ్బంది ఊరూరా తిరిగి జనంతో మాట్లాడి కేసులు రాశారు.

అధికారులు చేయవలసింది కొండంత ఖర్చుతో కూడినది కాదు. ఆస్పత్రి చీటీలో సొంత ఊరు, మండలం, ఎన్నేళ్ళుగా నివాసమన్నది విధిగా రాయించాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గరి మరణాల పట్టీ నెలనెలా రిజిస్ట్రీకి చేరాలి. మరణానికి మూలమైన జబ్బును డాక్టర్లు స్పష్టంగా రాయాలి. రాసిన కేసులలో కొన్నిటిని మరొకరి చేత మళ్ళీ రాయించి తేడాలు చూడాలి. రోగి పేరు బయటికి పొక్కదన్న భరోసా ఇస్తే జనం దాచరు.

పద్దులో లేని రోగికి బడ్జెట్‌లో పైసా ఉండదు. జిల్లా యంత్రాంగం ఈ విషయాన్ని గుర్తించి లెక్క సరిచేసే పనికి వెంటనే పూనుకోవాలి.