రొట్టె వాసన చూపిన దారి

పిల్లలూ!

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఢిల్లీ నగరానికి హైదరాబాదు దగ్గరా, ఆఫ్ఘనిస్తాను రాజధాని కాబూలు దగ్గరా?

"హైదరాబాదే, మాస్టారూ!" అని మీలో చాలామంది అనేస్తారు. తొందరపడకండి. అట్లాసు తీసి, స్కేలు పెట్టి కొలవండి. తిన్నగా గీత గీస్తే ఢిల్లీకి హైదరాబాదు సుమారు 1,250 కిలోమీటర్లు. కాబూలు సుమారు 1,000 కిలోమీటర్లే!

దూరం సంగతి అట్లా ఉంచండి. మీ అమ్మ పులిహోరలో వేసే ఇంగువ ఎక్కడిది? ఆఫ్ఘనిస్తాను, ఇరాను వంటి దేశాల కొండల్లో పెరిగే ఒక మొక్క ఉన్నది. దాని వేరుకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు గట్టిపడితే ఇంగువ. దాన్ని మన దేశంలో పండించాలని హిమాచల ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటింది 2020 అక్టోబరులో. అంటే, మనకు తెలియకుండానే ఆ కొండల వాసన తరతరాలుగా మన వంటింట్లో ఉన్నదన్నమాట.

ఈ సంగతులన్నీ నాకు గుర్తుకు రావటానికి మా మనవడే కారణం. కిందటి చలికాలం నేను ఢిల్లీలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. మనవడు ఆరో తరగతి. "ఏదైనా ఒక పరాయి దేశపు వంట తిని, దాన్ని గురించి రాసుకు రండి," అని వాళ్ళ బడిలో పని ఇచ్చారు. వాడు ఆఫ్ఘనిస్తాను ఎంచుకున్నాడు.

"తాతయ్యా, మంచి హోటలు ఫోనులో దొరికింది. దీనికి నాలుగున్నర నక్షత్రాలు ఉన్నాయి!" అన్నాడు.

సరే, వెళ్ళాం. పెద్ద బోర్డు, రంగురంగుల దీపాలు. మా అబ్బాయి "ఆఫ్ఘానీ చికెన్" తెప్పించాడు. మీగడ, వెన్న, జీడిపప్పు ముద్ద దండిగా ఉన్నాయి. నేను శాకాహారిని, నాకు పనీరు కూర వచ్చింది. వడ్డించే కుర్రవాణ్ణి, "ఇది ఆఫ్ఘనిస్తానులో ఏ ఊరి వంట, బాబూ?" అని అడిగాను.

"తెలియదండీ. మెనూలో అట్లా రాసి ఉన్నది," అన్నాడు పాపం.

వంట బాగా లేదని నేను అనను. కాని పేరులో తప్ప అందులో ఆఫ్ఘనిస్తాను లేదు. ఆ మీగడ కూర మన దేశపు హోటళ్ళలో పుట్టినదే.

ఇంటికి వచ్చాక మనవడు దిగులుగా కూర్చున్నాడు. నేను వాణ్ణి అడిగాను: "మొన్న నాకు తెలుగు భోజనం తినాలనిపిస్తే మీ నాన్న ఎక్కడికి తీసుకుపోయాడు?"

"ఆంధ్రా భవన్ కేంటీనుకు."

"అక్కడ ఎవరు తింటున్నారు?"

"చాలామంది తెలుగువాళ్ళే ఉన్నారు, తాతయ్యా!" అంటూనే వాడి కళ్ళు మెరిశాయి. "అయితే ఆఫ్ఘనులు ఎక్కడ ఉంటారో కనుక్కోవాలి!"

శభాష్! సగం పని అయినట్టే. ఢిల్లీలో ఆఫ్ఘనులు ఎక్కువగా ఉండే చోటు లాజ్‌పత్ నగర్. దాని చరిత్ర వింతైనది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారి కోసం ఏర్పడిన పేట అది. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తానులో ప్రవేశించాయి. తరవాత అంతర్యుద్ధాలు. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబాన్ల వశమయింది. ఇట్లా ఒక్కొక్క గండం వచ్చినప్పుడల్లా కొన్ని కుటుంబాలు ఢిల్లీ చేరాయి. ఇళ్ళు పోయినవారి కోసం కట్టిన పేటలోనే ఇళ్ళు పోయిన మరొకరికి చోటు దొరికింది!

ఆదివారం నేనూ మనవడూ అక్కడికి బయలుదేరాం. ఈసారి ఫోను జేబులోనే ఉన్నది. ఒక సందులో కుడినుంచి ఎడమకు రాసిన అక్షరాలతో బోర్డులు కనిపించాయి. అవి దరీ భాషవి. ఆ దేశంలో ఎక్కువగా మాట్లాడే భాషలు దరీ, పష్తూ. అంతలో కాలుతున్న రొట్టె వాసన వచ్చింది. వాసన వెంటనే పోయాం. అక్కడ నాన్‌ రొట్టెల దుకాణం, లోపల తందూరు పొయ్యి!

వేడి మూడు విధాల ప్రయాణం చేస్తుందని బడిలో చదువుతారు గదా. ఆ మూడూ తందూరులో కనిపిస్తాయి. కాగిన మట్టి గోడకు తడి పిండిని చరిస్తే అంటుకుంటుంది. గోడ వేడి నేరుగా రొట్టెకు ఎక్కటం వహనం. అడుగున ఉన్న నిప్పుల వేడి ఎదురుగా వచ్చి తాకటం వికిరణం. లోపలి వేడి గాలి పైకి లేచి చుట్టూ తిరగటం సంవహనం. కాలి తడి ఆరిన రొట్టె గోడను వదిలేస్తుంది. అప్పుడు ఇనుప కడ్డీతో లాగుతారు.

ఒక కుర్రవాడు మూరెడు పొడుగు నాన్‌లు కాగితంలో చుట్టి చంకన పెట్టుకుని పోతున్నాడు. "బాబూ, మీవాళ్ళు భోజనం ఎక్కడ చేస్తారు?" అని హిందీలో అడిగాను. వాడు నవ్వి, ఎదురుగా ఉన్న చిన్న హోటలు చూపించాడు. దీపాలూ లేవు, అలంకారాలూ లేవు. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు తివాచీ పరచిన అరుగుమీద కూర్చుని తింటున్నారు.

మనవడికి కాబూలీ పులావు వచ్చింది. పొడుగు బియ్యం, మాంసం, పైన సన్నగా తరిగిన క్యారెట్టు, కిస్‌మిస్. కారం లేదు, మెత్తని తీపి ఉన్నది. పెద్దలకు ఒక మాట: అన్నమే గదా అని శాకాహారులు దీన్ని తినరాదు. మాంసం ఉడికిన రసంలోనే వండుతారు. నేను ఉర్లగడ్డ కూరిన బోలానీ రొట్టె, బోరానీ అనే వంటకం తెప్పించుకున్నాను. బోరానీ అంటే ఏమిటో తెలుసా? వేయించిన వంకాయమీద వెల్లుల్లి కలిపిన పెరుగు! వంకాయ కనబడగానే నాకు మన ఊరు వచ్చినట్టే అయింది.

నెరిసిన గడ్డం పెద్దాయన ఏలకులు వేసిన పచ్చ టీ తెచ్చాడు. నేను మాట కలుపుదామని, "మీ దేశానికి మళ్ళీ ఎప్పుడు వెళతారు?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పలేదు. టీ పాత్ర కింద పెట్టి, మెల్లగా లోపలికి వెళ్ళిపోయాడు.

అన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలియలేదు! టీ గొంతు దిగలేదు.

కాసేపటికి ఆయన రొట్టెతో తిరిగి వచ్చాడు. మనవడు పలకరించాడు: "చాచా, ఈ క్యారెట్లు ఇంత సన్నగా, అన్నీ ఒకేలాగా ఎట్లా కోశారు?"

ఆయన ముఖం విప్పారింది. వాడి పక్కన కూర్చుని, బల్లమీద వేలితో గీస్తూ చూపించాడు. ముందు పలకలుగా, తరవాత అగ్గిపుల్లలుగా కోయాలి. చిటికెడు చక్కెర వేసి నూనెలో వేయించాలి. కిస్‌మిస్ పండ్లు ఉబ్బగానే దించాలి. "ఉబ్బాక ఒక్క క్షణం ఆగినా చెడిపోతాయి," అన్నాడు. వాడు పుస్తకం తీసి రాసుకున్నాడు. లేచి వచ్చేటప్పుడు ఇద్దరం "తషక్కుర్" అన్నాం. దరీలో కృతజ్ఞత చెప్పే మాట అది. ఆయన వాడి గుప్పెట్లో చక్కెర పూసిన బాదం పప్పులు పోశాడు.

దారిలో మనవడు, "నీ ప్రశ్నకు ఆయన లోపలికి ఎందుకు వెళ్ళాడు, తాతయ్యా?" అన్నాడు.

"తప్పు నాదే, నాయనా. తన ఊరికి పోవటం తన చేతుల్లో లేనివాణ్ణి ఎప్పుడు పోతావని అడగకూడదు. నువ్వు ఆయన చేతిపనిని గురించి అడిగావు. అది ఆయన వెంట వచ్చింది. ఎవరూ లాక్కోలేదు."

వాడు కాసేపు ఆలోచించి, "మరి ఈ హోటలుకు ఎన్ని నక్షత్రాలు ఇద్దాం?" అన్నాడు.

"ఇంకోసారి తిని చెబుతాను," అన్నాను. ఆ వంకాయమీద నాకు ఆశ తీరలేదు!

పిల్లలూ, ఈ నెల మీకొక పని. మీ ఊళ్ళో పరాయి ప్రాంతంవారు నడిపే హోటలో, మిఠాయి కొట్టో ఉంటే, అమ్మా నాన్నలతో కలిసి వెళ్ళండి. అక్కడ ఆ ప్రాంతంవారు తింటున్నారా, చూడండి. వాళ్ళ వంట ఎట్లా చేస్తారో మర్యాదగా అడగండి. వాళ్ళ భాషలో కృతజ్ఞత చెప్పటం నేర్చుకోండి. ఆ ఒక్క మాటా కార్డుమీద రాసి నాకు పంపండి.