నాణెం మీద స్వేచ్ఛ, పక్క వీధిలో బానిస



మన సంఘంలోనే పెరిగి, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు పోయిన నెల నాకు ఒక ఫోటో పంపాడు. 1796లో వేసిన వెండి డాలరు. అది అతనిది కాదు, అంత డబ్బు పెట్టే స్తోమత తనకు లేదన్నాడు. పాత నాణేల ప్రదర్శనలో అద్దం వెనుక ఉంటే ఫోటో తీసుకున్నాడట. "అయ్యగారూ, ఆ జుట్టు ఉంగరాలు చూడండి. భుజం మీద ఆ వస్త్రం మడతలు చూడండి. రెండు వందల ఏళ్ల కిందటి పనితనం!" అని రాశాడు.

చూశాను. అందంగానే ఉంది. ఒక స్త్రీ తల, భుజాలు, రెండు పక్కలా నక్షత్రాలు, కింద సంవత్సరం. తల పైన ఇంగ్లీషులో ఒక్క మాట: లిబర్టీ. అంటే స్వేచ్ఛ.

"తమ్ముడూ, ఆ మాట ఎవరి కోసం వేశారు?" అని అడిగాను. "అయ్యగారూ, నాణెంలో అందం చూడాలి గాని మధ్యలో ఆ గొడవలన్నీ ఎందుకండీ? ఇక్కడ సేకరించేవాళ్లందరూ అదే అంటారు" అన్నాడు.

ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. ఫోన్లో సగం చెప్పాను. మిగతా సగం మీ అందరి ముందు చెబుతున్నాను.

ముందు ఆ నాణేల సంగతి. 1790ల నుంచి 1830ల దాకా అమెరికా వేసిన నాణేలలో చాలావాటి మీద స్వేచ్ఛను ఒక స్త్రీగా, తల నుంచి భుజాల వరకు చెక్కారు. వాటినే బస్ట్ నాణేలు అంటారు. భుజాల మీద వస్త్రం ఉన్న బొమ్మ 1795లో వచ్చింది, ఆ అచ్చు చెక్కినవాడు రాబర్ట్ స్కాట్. తలకు టోపీ ఉన్న అర డాలరు 1807లో మొదలైంది, అది జాన్ రైక్ పని. వీటిని ప్రేమించేవారి ఓపిక నిజంగా గొప్పది. ఒక్కొక్క అచ్చుకు వచ్చిన పగులును, ఒక్కొక్క నక్షత్రం కోణాన్ని భూతద్దం పెట్టి చూస్తారు. అర డాలర్ల అచ్చు భేదాలన్నిటికీ నంబర్లు వేస్తూ ఆల్ ఓవర్టన్ అనే ఆయన 1967లో పుస్తకమే తెచ్చాడు. 1794లో 1,758 మాత్రమే బయటికి వచ్చిన మొదటి వెండి డాలర్లలో ఒకటి 2013 జనవరి వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది.

ఆ ఓపికను నేను ఎగతాళి చేయడం లేదు. మన బైబిలు చదువులో అందులో సగం శ్రద్ధ ఉన్నా బాగుండేది. నా పోరు వేరు. నక్షత్రాలు లెక్కపెట్టే కన్ను ఏడు అక్షరాల మాటను ఎలా దాటిపోతుంది?

ఆ మాట అలంకారానికి వేసింది కాదు. 1792 ఏప్రిల్ 2న వచ్చిన చట్టం, నాణేనికి ఒక వైపు స్వేచ్ఛను సూచించే బొమ్మ ఉండాలని, ఆ మాట కూడా ఉండాలని శాసించింది. సెనేట్ మొదట ప్రెసిడెంట్ తల వేద్దామంది. అది రాజుల పద్ధతి, మనకు వద్దు అని ప్రతినిధుల సభ తోసిపుచ్చింది. మంచి నిర్ణయమే. మనిషిని పూజించకుండా ఒక విలువను నిలబెట్టారు. అయితే విలువను నిలబెట్టినవాడిని ఆ విలువతోనే కొలవాలి కదా?

కొలుద్దాం. టంకశాల ఫిలడెల్ఫియాలో ఏడవ వీధిలో ఉండేది. అక్కడినుంచి కొద్ది నిమిషాల నడక దూరంలో, ఆరవ వీధి మలుపు దగ్గర, ప్రెసిడెంట్ జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. ఆ ఇంట్లో ఓనా జడ్జ్ అనే యువతి ఉండేది. ప్రెసిడెంట్ భార్య మార్తా వాషింగ్టన్‌కు బట్టలు కుట్టడం, తల దువ్వడం, పక్కనే కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. జీతం లేదు. ఆమె బానిస.

పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, బయటినుంచి తెచ్చిన బానిస ఆరు నెలలు దాటి అక్కడ ఉంటే విడుదల అడగవచ్చు. అందుకని ఆరు నెలలు నిండకముందే ఆ ఇంటి బానిసలను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. చట్టం తెలియక చేసిన పని కాదు, తెలిసి తప్పించుకున్న పని.

తనను మనుమరాలికి ఇచ్చేయబోతున్నారని ఓనాకు తెలిసింది. 1796 మే నెలలో ఒకరోజు, ఇంటివారు భోజనానికి కూర్చున్న వేళ, ఆమె బయటికి నడిచి వెళ్లిపోయింది. ఓడ ఎక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటుంది.

ఇంటి నిర్వాహకుడు పత్రికలో ప్రకటన వేయించాడు. ఊళ్లో గాని, రేవులోని ఓడ మీద గాని ఆమెను పట్టి తెచ్చినవారికి పది డాలర్లు.

పది డాలర్లు! ఆ పక్క వీధి టంకశాల అప్పటికే పది డాలర్ల బంగారు నాణెం వేస్తోంది. దాని మీద కూడా అదే స్త్రీ, అదే మాట. ఇచ్చేది అమెరికా నాణెమో, అప్పట్లో చెలామణిలో ఉన్న స్పెయిన్ డాలర్లో ప్రకటన చెప్పలేదు. నా వాదానికి అది అవసరం కూడా లేదు. నాణెం మీద స్వేచ్ఛను ముద్రించిన దేశంలో, అదే ఊళ్లో, స్వేచ్ఛ కోరిన మనిషికి పది డాలర్ల వెల కట్టారు. తమ్ముడు పంపిన డాలరు మీద ఉన్నదీ ఆ సంవత్సరమే, 1796.

"ఆ కాలం అంతే అయ్యగారూ" అంటారు. ఎవరి కాలం? బానిసత్వాన్ని మెల్లమెల్లగా తీసివేసే చట్టం పెన్సిల్వేనియాలో 1780లోనే వచ్చింది. 1790లో క్వేకర్లు కాంగ్రెసుకు అర్జీలు పెట్టారు. బానిసత్వం పోవాలని కోరిన మరో అర్జీ మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వయంగా సంతకం చేశాడు. అది తప్పని ఆ కాలానికి తెలుసు. ఓనాకు మరీ బాగా తెలుసు. ఆమె కూడా ఆ కాలం మనిషే కదా! కాలం పేరు చెప్పి యజమానిని క్షమించేవారు, అదే కాలంలో బతికిన బానిసను లెక్కలోకి ఎందుకు తీసుకోరు? 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 7 లక్షలు. 1830 నాటికి 20 లక్షలు. టంకశాల బొమ్మలు మార్చుతూ పోయింది, అంకె పెరుగుతూ పోయింది.

"ఇదంతా నాణెంలో లేదు, మీరు బయటినుంచి తెస్తున్నారు" అంటారు. నాణెంలోనే ఉంది. 1793 నుంచి 1796 వరకు వేసిన సెంట్ల మీద స్వేచ్ఛ పక్కన ఒక కర్ర, దాని మీద ఒక టోపీ. ఆ గుర్తు పాత రోము నుంచి వచ్చింది. విడుదలైన బానిసకు అక్కడ అలాంటి టోపీ పెట్టేవారు. టోపీ చూసి బానిసను చూడనివాడు ఆ నాణేన్ని సగమే చూశాడు. అర డాలరు బొమ్మ చెక్కిన జాన్ రైక్ కూడా ఆ దేశానికి ఒప్పంద సేవకుడిగా వచ్చినవాడే.

ఇంకొక సంగతి. ఆ అర డాలర్లు ఇప్పటికీ మెరుస్తూ దొరకడానికి కారణం, చాలావరకు అవి జనం చేతుల్లో తిరగలేదు. సంచుల్లో కట్టి ఒక బ్యాంకు ఖజానా నుంచి మరో బ్యాంకు ఖజానాకు పంపుకునేవారు. వాటి మీది మాట గతి కూడా అంతే అయింది. ఖజానాలో భద్రంగా ఉంది, అవసరమైన చేతికి అందలేదు.

మరి ఏం చేయాలి? నాణేలు పారవేయమని నేను అనను. సేకరించడం పాపమని కూడా అనను. దాచండి, చదవండి, పిల్లలకు చూపించండి. అయితే పక్కన పెట్టే చీటీ మీద సంవత్సరం, అచ్చు నంబరు, ధర రాసినప్పుడు ఓనా పేరు కూడా రాయండి. నాణెం తెప్పించి దాని మీది బొమ్మ ఎవరిదని అడిగిన ప్రభువును నమ్మినవారం మనం. నాణేన్ని ప్రశ్న అడగడం మనకు కొత్త కాదు.

ఓనాను వెనక్కి రప్పించడానికి వాషింగ్టన్ ఆ తరువాత కూడా మనుషులను పంపాడు. ఆమె వెళ్లలేదు. పెళ్లి చేసుకుంది. భర్తను, కూతుళ్లను పోగొట్టుకుంది. బీదరికంలోనే 1848లో కన్నుమూసింది. చట్టం లెక్కలో చివరిదాకా బానిసే. ముసలితనంలో ఆమెను చూడటానికి వెళ్లినవారు, ఆ గొప్ప ఇల్లు వదిలి ఇన్ని కష్టాలు పడ్డందుకు విచారం లేదా అని అడిగారు. లేదంది. తాను స్వతంత్రురాలినని, ఆ దారిలోనే దేవుని బిడ్డను అయ్యానని చెప్పింది. చదవడం కూడా ఆమె బయటపడ్డాకే నేర్చుకుంది.

నా ప్రియులారా, లిబర్టీ అనే మాటకు అర్థం ఆ వెండి ముక్కలో వెతకకండి. ఆ భోజనం వేళ తలుపు దాటిన ఆడబిడ్డ అడుగుల్లో వెతకండి. మన మందిరం గుమ్మం మీద కూడా "అందరికీ స్వాగతం" అని రాసుకున్నాం. వచ్చే ఆదివారం లోపలికి వచ్చేటప్పుడు ఆ మాట ఒకసారి చదివి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి.

తమ్ముడికి ఇదంతా రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. అతని కోసం, నా కోసం, మనందరి కళ్ల కోసం ప్రార్థన చేయండి.

మీ పాస్టర్